కేస్లాపూర్ మర్రి కింద కిక్రీ

రాయపట్నం వంతెన దాటగానే గాలి మారుతుంది. ఇటు జగిత్యాల వైపు వరి మళ్లు, కాలువ నీళ్లు, మోటార్ల చప్పుడు. అటు దండేపల్లి, జన్నారం దాటేసరికి ఊళ్లు పలచబడి టేకు చెట్లు రోడ్డు మీదికి వస్తాయి. పుష్యమాసం కనుక పొద్దెక్కినా మంచు విడలేదు. కవ్వాల్ అడవి అంచున చలిమంట చుట్టూ కూచున్న వాళ్లు మా బండిని చూసి చేతులెత్తారు. ఎవరనుకుని ఎత్తారో గానీ మేమూ ఎత్తాం. దండేపల్లి మండలం లింగాపూర్‌లోనే పాటల కవి గూడ అంజయ్య పుట్టాడు. పాట కట్టి ఊరూరా తిరిగే మనిషి ఈ దారికి కొత్త కాదు.

నేను మాత్రం ఒక వాయిద్యాన్ని వెతుక్కుంటూ బయల్దేరాను. దాని పేరు కిక్రీ. రాజగోండుల వంశగాథలు పాడే పర్ధాన్ల చేతిలో, తోటీల చేతిలో ఉండే మూడు తీగల వాయిద్యం. ఆదిలాబాద్ పల్లెల్లో తప్ప మన తెలుగు నేల మీద ఇంకెక్కడా నేను దాన్ని చూడలేదు.

ఈ వెతుకులాటకు మూలం ఆదిలాబాద్‌లో లేదు, అమెరికాలో ఉంది. అక్కడి దక్షిణాది పత్తి చేలల్లో నల్లవాళ్ల గొంతుల్లోంచి పుట్టిన బ్లూస్ పాటలు ఏళ్లుగా వింటున్నాను. ఆ పాటగాళ్లలో నాకు ప్రాణప్రదమైన వాడు మిసిసిపీ జాన్ హర్ట్. అవలాన్ అనే చిన్న పల్లెలో సేద్యం చేసుకుంటూ గిటారు వాయించేవాడు. 1928లో ఓకే అనే రికార్డుల కంపెనీ ఆయన్ను మెంఫిస్‌కు, తర్వాత న్యూయార్క్‌కు పిలిపించి పాడించింది. మరుసటి ఏడు మాంద్యం వచ్చి కంపెనీ దెబ్బతింది. హర్ట్ మళ్లీ పొలానికే వెళ్లిపోయాడు. ముప్ఫై అయిదేళ్ల దాకా ఆయన బతికున్నాడో లేడో పాట ప్రేమికులెవరికీ తెలియదు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రవాడు, హర్ట్ పాటలో వినిపించే ఊరి పేరు పట్టుకుని పాత పటాల్లో వెతికి, ఆ ఊరికే వెళ్లి తలుపు తట్టాడు. అప్పటికి ముసలాయన దగ్గర సొంత గిటారు కూడా లేదు. అదే ఏడు న్యూపోర్ట్ సంగీతోత్సవంలో ఆయన పాడుతుంటే జనం ఊపిరి బిగబట్టి విన్నారు. ఇంకో మూడేళ్లు మాత్రమే ఉన్నాడు. 1966 నవంబరులో కన్నుమూశాడు.

పత్తి చేను, పేదరికం, తీగల మీద పాట, మరుపు. హర్ట్ కథ చదివినప్పుడల్లా ఈ నాలుగూ కలిసిన చోటు మనకూ ఉందే అనిపించేది. గోదారి అవతల.

ఉట్నూరులో మిత్రుడు ఎదురొచ్చాడు. ఆశ్రమ పాఠశాలలో పంతులు. వాళ్లింట్లో వేడి జొన్నరొట్టె, కందిపప్పు, ఎండుమిరప కారం పెట్టారు. చలికి చేతులు కొంకర్లు పోతున్న పొద్దున ఆ రొట్టెను మించిన భోజనం లేదు. తర్వాత ఒక్కొక్కటి ఇప్పపువ్వు లడ్డూ ఇచ్చారు. ఇప్పపువ్వంటే సారా తప్ప ఇంకేదీ గుర్తురాని మైదానపు వాళ్లు ఒక్కసారి అది తిని చూడాలి. బజారుకు వెళ్తే ఒక్క కిరాణా కొట్టు ముందు గోండి, మరాఠీ, ఉర్దూ, తెలుగు, లంబాడీ వినపడ్డాయి. కొట్టు యజమాని అయిదింటిలోనూ బేరమాడుతున్నాడు. మా కరీంనగర్లో రెండు భాషలు వచ్చినవాడు గొప్పవాడు. ఇక్కడ బియ్యం కొనాలన్నా అయిదు భాషల మధ్య నుంచి నడవాలి.

ఎవరింటికి వెళ్లినా మొదట కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిస్తారు. "రాం రాం" అని రెండు చేతులూ పట్టుకుంటారు. వచ్చిన పని ఏమిటని వెంటనే అడగరు. కూచోబెట్టి, చాయ్ తాగించి, మనంతట మనం చెప్పేదాకా ఆగుతారు. ఆ ఓపిక నాకు కొత్తగా తోచింది.

ఇంద్రవెల్లిలో స్తూపం దగ్గర ఆగాం. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద ఇక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. పదమూడు మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పిన లెక్క. ఆదివాసులు చెప్పే లెక్క అంతకు ఎన్నో రెట్లు. ఎర్రటి స్తూపం చుట్టూ పత్తి కట్టెలు ఎండుతున్నాయి. మేం మాట్లాడుకోకుండా కాసేపు నిలబడి, కేస్లాపూర్ దారి పట్టాం.

కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశపు గోండుల కులదైవం నాగోబా. పుష్య అమావాస్య అర్ధరాత్రి మహాపూజ. దానికి ముందు మెస్రం పెద్దలు ఇత్తడి ఝరి పట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో అడవి దారిన నడిచి వెళ్లి, జన్నారం దగ్గర హస్తినమడుగులో గోదావరి నీళ్లు తెస్తారు. వంటకు, పూజకు కుండలు సిరికొండ కుమ్మరులు చేస్తారు. ఆ వంశానికీ ఆ కుమ్మరులకూ తరతరాల ఒప్పందం. కొత్తగా పెళ్లై వచ్చిన కోడళ్లను తెల్లచీరల్లో తీసుకొచ్చి దేవుడికి, వంశ పెద్దలకు పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. అది జరిగితేనే ఆ కోడలు మెస్రం ఇంటి మనిషి. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగిన కొత్త రాతి గుడిని మెస్రం కుటుంబాలే చందాలేసుకుని కట్టుకున్నాయి.

జాతర బజారంతా రంగులరాట్నాలు, మైకులు, మిఠాయి దుకాణాలు. అవి ఏ జాతరలోనైనా ఉంటాయి. అసలు జాతర మర్రిచెట్ల కింద ఉంది. ఎడ్లబండ్లు విప్పి, పొయ్యిలు పెట్టి, వంశమంతా అక్కడ విడిది చేస్తుంది. సాయంత్రం పొగలో, పశువుల వాసనలో, పిల్లల అరుపుల్లో నడుస్తుంటే పెప్రే ఊదారు. సన్నాయిని పోలిన ఆ వాయిద్యం చప్పుడుకు బజారు మైకులు కూడా చిన్నబోయాయి. డోలు తోడైంది. అది ఆగాక, అంతవరకూ నాకు వినపడని ఒక సన్నటి ధ్వని మర్రి మొదట్లోంచి వచ్చింది.

కిక్రీ. ఒకే కర్ర తొలిచి చేసిన మేను, దాని మీద బిగించిన తోలు, మూడు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను. తలపాగా చుట్టుకున్న ముసలాయన దాన్ని రొమ్ముకు ఆనించుకుని కమాను లాగుతున్నాడు. గిటారు మీటినట్టు నాదం తెగి తెగి పడదు. సాగుతుంది. దూరం ఊరికి ఇచ్చిన బిడ్డను తలుచుకుని తల్లి తీసే రాగంలో ఉండే జీర దానిది. ముసలాయన ఒక పాదం పాడతాడు, కిక్రీ దాన్ని అందుకుని తిరిగి పలుకుతుంది, పక్కన ఇద్దరు వంత అందుకుంటారు. పాటగాడు అడగడం, వాయిద్యం బదులివ్వడం: బ్లూస్‌లో నేను విన్న పద్ధతి ఇదే. ఒళ్లు జలదరించింది.

నాకు గోండి రాదు. మిత్రుడు చెవిలో చెబుతూ పోయాడు. మెస్రం వంశం ఎక్కడ మొదలైంది, ఎవరెవరు ఏ కొండ దాటారు, నాగోబా ఎలా వచ్చాడు, ఏ తరంలో ఎవరు ఎవరిని పెళ్లాడారు. గంటలు గడిచాయి. ముసలివాళ్లు కళ్లు మూసుకుని వింటున్నారు. మధ్యలో ఒకాయన లేచి ఒక పేరు సరిదిద్దాడు. పాటగాడు ఒప్పుకుని తల ఊపి, ఆ పేరుతో మళ్లీ పాడాడు. వింటున్న వాళ్లకు కథ తెలుసు. తెలియనిది తెలుసుకోవడానికి కాదు వాళ్లు కూచున్నది. తమ ఎదుట ఆ కథ మరోసారి సరిగ్గా పలకాలి, అంతే.

పర్ధాన్ల ఏర్పాటు ఇలాంటిది. ఒక్కో పర్ధాన్ కుటుంబం ఒక్కో గోండు వంశానికి కట్టుబడి ఉంటుంది. వంశదైవం పెర్సాపేన్ పూజలో వంశగాథ పాడాలి. చావు కర్మల్లో పోయినవాణ్ని పూర్వీకుల్లో కలపాలి. అందుకు ప్రతిగా ధాన్యం, బట్టలు, కలిగినవాళ్లయితే పశువు. గోండుల పురాగాథలో దేవుళ్లంతా గుహలో బందీలైతే, పహండి కుపార్ లింగాల్ వాళ్లను విడిపించాడు. ఆయన వెంట ఉన్న తొలి పాటగాడు హీరాసుక. గుహ ద్వారానికి అడ్డం పెట్టిన బండ ఆయన వాయిద్యపు నాదానికే కదిలిందని, ఆ బండ కిందే హీరాసుక ప్రాణం పోయిందని ఒక కథనం ఉంది. దేవుళ్లకు వెలుగు చూపి తాను పోయిన పాటగాడు మూలపురుషుడైతే, ఆ వృత్తికి ఎంత బరువుంటుందో చూడండి.

మా వైపు కూడా ఇలాంటి బంధాలున్నాయి. పద్మశాలీలకు కూనపులి వాళ్లు, ముదిరాజులకు కాకిపడగల వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు. నా చిన్నప్పుడు పటం చుట్టుకుని ఊళ్లోకి వచ్చి తమ మిరాశి అడిగేవాళ్లు. త్యాగం అనే కానుక తీసుకుని ఇంకో ఊరికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు ఎప్పుడో గానీ రారు. రాకపోవడాన్ని గమనించినవాళ్లు కూడా తక్కువే. ఆదిలాబాద్‌లో ఆ తాడు ఇంకా పూర్తిగా తెగలేదు.

జాతర తర్వాత ఆ ముసలాయన ఊరికి వెళ్లాం. పత్తి చేల మధ్య చిన్న గూడెం. దడి మీద చిక్కుడు తీగ, వాకిట్లో ఎండబోసిన కందులు. కిక్రీని గుడ్డలో చుట్టి, ఇంటి దూలానికి కట్టి ఉంచారు. నేలమీద పెట్టరు. దింపేముందు ఆయన దానికి మొక్కాడు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, పాడేది గోండి, మాతో మాట్లాడింది తెలుగు. పర్ధాన్లలో ఎక్కువమంది ఇంటిభాష మరాఠీయే. తన భాష కాని భాషలో ఒక జాతి చరిత్రనంతా మోస్తున్న కుటుంబం అది. తోటీలు మాత్రం ఇంట్లోనూ గోండే మాట్లాడతారు.

చాయ్ అయ్యాక నోట్లో నానుతున్న ప్రశ్న అడిగాను.

"తాతా, నీ సొంత బాధ మీద ఎప్పుడన్న పాడినవా?"

ఆయనకు అర్థం కానట్టు మిత్రుడి వైపు చూశాడు. మిత్రుడు మరాఠీలో చెప్పాడు.

"నా బాధ మీద కిక్రీ ఎందుకు పడుతది బిడ్డా?" అన్నాడు. "నా బాధ నాకున్నది. కిక్రీ పటేళ్లది, పేన్‌ది. నేను మోస్తున్న, గంతే."

పోయినేడు వానలకు పత్తి పోయిన సంగతి, పెద్దకొడుకు మంచిర్యాలలో ఆటో నడుపుతున్న సంగతి, చిన్నవాడు కిక్రీ పట్టుకుంటాడు గానీ పొడుగు కథలు నేర్చుకోవడానికి తీరిక లేదన్న సంగతి తర్వాత మామూలు మాటల్లోనే చెప్పాడు. పాటలోకి మాత్రం అవేవీ రావు.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. బ్లూస్‌లో చాలా పాటలు 'నేను'తో మొదలవుతాయి. పొద్దున్నే లేచాను, నా మనిషి వెళ్లిపోయింది, నేను రైలెక్కుతాను. ఆ పాటగాళ్ల పూర్వీకులు వచ్చిన పశ్చిమాఫ్రికాలో గ్రియోలనే వంశగాయకులున్నారు. తీగల వాయిద్యంతో రాజుల, వంశాల చరిత్ర పాడతారు. అచ్చం మన పర్ధాన్లలాగే. బానిసల ఓడ ఎక్కించిన రోజున వంశం పోయింది, ఇంటిపేరు పోయింది, భాష పోయింది. మొగుణ్ని ఒకచోట, పెళ్లాన్ని ఒకచోట అమ్మారు. ఎవరి వంశం పాడాలి? ఎవరు విని పేరు సరిదిద్దాలి? మిగిలింది 'నేను' ఒక్కటే. అందుకే అది అంత గట్టిగా పలికిందని నాకు తోస్తుంది. కేస్లాపూర్ మర్రి కింద పాడిన మనిషికి ఆ అవసరం ఇంకా రాలేదు. ఆయన ఎదుట కూచున్న వంశం ఉంది. వింటామన్న ఒప్పందం ఉంది. వినేవాళ్లకు కూడా అది బాధ్యతే, వినోదం కాదు.

నార్నూర్ మండలం గుంజాలకు కూడా వెళ్లాం. గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు బయటపడ్డ ఊరు. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకుల కృషితో ఆ లిపి వెలుగులోకి వచ్చి, 2018లో యూనికోడ్‌లో చేరింది. అక్కడ ఒక చిన్నపిల్ల తన పేరు ఆ లిపిలో రాసి చూపించింది. చాక్‌పీసు వదలకుండా నా పేరూ అడిగి రాసింది.

అక్కడి నుంచి జైనూర్ మీదుగా మార్లవాయి. రోడ్డు ఎత్తుపల్లాల్లో సాగుతుంది. జొన్న కోసిన చేలల్లో మోళ్లు, మధ్యన మంచెలు, దూరంగా నీలం కొండలు. చలికి రాష్ట్రంలో పేరుమోసిన సిర్పూర్(యూ) ఈ చుట్టుపక్కలే. దారిలో ఉషేగావ్‌లో ఓజాలనే పనివాళ్లు మైనం బొమ్మ మీద మట్టి పూసి, మైనం కరిగించి ఇత్తడి పోసే పని చూశాం.

మార్లవాయి చిన్న ఊరు. పేరు మాత్రం లోకమంతా తెలుసు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పంపింది. వియన్నాలో పుట్టిన ఆ మానవశాస్త్రవేత్త భార్య బెట్టీతో కలిసి ఈ ఊళ్లో గుడిసె వేసుకుని ఉన్నాడు. 1943లో ఇక్కడే గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. పర్ధాన్లు చెప్పిన గాథలను ఆయన కాగితం మీదికి ఎక్కించాడు. రాజగోండుల మీద ఆయన పుస్తకం 1948లో లండన్‌లో అచ్చయింది. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే ఇక్కడికి తెచ్చి సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన హైమెండార్ఫ్ అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి. రెండు సమాధుల మీదా ఎవరో ఆ పొద్దున్నే బంతిపూలు పెట్టి ఉన్నారు.

ఆ సమాధుల దగ్గర నిలబడితే ఒక తేదీ గుర్తొచ్చింది. హైమెండార్ఫ్ ఈ పల్లెల్లో తిరుగుతున్న 1941లోనే, ఆగస్టులో, ఆలన్ లోమాక్స్ అనే పాటల సేకర్త మిసిసిపీలోని స్టోవాల్ తోటకు రికార్డింగ్ యంత్రం మోసుకెళ్లాడు. ట్రాక్టరు నడిపే ఒక కూలీ చేత పాడించాడు. ఆ కూలీ మడ్డీ వాటర్స్. తన గొంతు తానే యంత్రంలో విన్నాక, తానూ పాటగాణ్నేనని అతనికి నమ్మకం కుదిరింది. 1943లో షికాగో రైలెక్కాడు. అక్కడ ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. ఆ పాట విని ఇంగ్లండు కుర్రాళ్లు రాక్ సంగీతం కట్టారు. మార్లవాయి పర్ధాన్ల పాటలో మాటలు ఇంగ్లీషు పుస్తకంలోకి వెళ్లాయి. వాళ్లు చదవలేని పుస్తకం అది. గొంతు తిరిగి వాళ్ల చెవికి చేరలేదు. హైమెండార్ఫ్‌ను నేను తప్పు పట్టను, ఆయన లేకపోతే ఆ మాటలూ దక్కేవి కావు. కానీ పాటగాడికి తన గొంతు తిరిగి ఇవ్వడం ఎంత పెద్ద పనో మడ్డీ వాటర్స్ బతుకు చెబుతుంది.

కనకరాజు కూడా ఈ మార్లవాయి బిడ్డే. దండారి పండుగలో నెమలీకల టోపీ పెట్టుకుని ఆడే గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకెళ్లి, ఎందరికో నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకున్నాడు. 2024 అక్టోబరులో పోయాడు. కనకరాజుకు పద్మశ్రీ వచ్చిన మరుసటి ఏడాది, 2022లో, పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు అదే పురస్కారం వచ్చింది. రెండేళ్లకు ఆయన కూలిపని చేస్తున్నాడని పత్రికలు రాశాయి. పురస్కారాలు రావాలి, వస్తే సంతోషమే. కానీ పురస్కారం ఒక మనిషికి వస్తుంది, ఒక రోజు వస్తుంది. కిక్రీని ఇన్ని తరాలు బతికించింది ప్రతి ఏడూ ఒకే మర్రి కిందికి వచ్చి తెల్లవారేదాకా కూచునే వంశం.

కెరమెరి ఘాట్ దిగుతుంటే లోయ నిండా పొద్దు గుంకే వెలుగు. మలుపు మలుపుకూ ఆగాలనిపించింది. జోడేఘాట్‌లో భీం విగ్రహం ముందు బడిపిల్లలు వరసగా నిలబడి పంతులు చెప్పేది వింటున్నారు. భీం కథ తెలుగులో నవలయింది. సాహు, అల్లం రాజయ్య రాశారు. మన దాకా అది అలా వచ్చింది. తమ కథను తమ నోటితో చెప్పుకునే పద్ధతి గోండులకు ఉందని, దానికి ఒక వాయిద్యం, ఒక గాయక కుటుంబం ఉన్నాయని మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు చేయగలిగినవి ఉన్నాయి. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండిలో కార్యక్రమాలు ప్రసారం చేస్తుంది. ఆ కేంద్రమే పర్ధాన్, తోటి పెద్దలు పాడే పొడుగు గాథలను మొదటి నుంచి చివరిదాకా, రాత్రంతా పట్టినా సరే, రికార్డు చేసి ఆ వంశాలకే ఒక్కో ప్రతి ఇవ్వాలి. ఉట్నూరు ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో వారానికి ఒక పూట కిక్రీ నేర్పించి, నేర్పే ముసలివాళ్లకు పంతుళ్లకిచ్చినట్టే జీతం ఇవ్వాలి. ముసలాయన చిన్నకొడుక్కి లేనిది తీరికే. తీరికకు కూలి కట్టిస్తే పొడుగు కథలు నేర్చుకుంటాడు.

మనం చేయాల్సింది ఇంకా సులువు. వచ్చే పుష్య అమావాస్యకు కేస్లాపూర్ వెళ్లండి. బజారు తిరగడం అయ్యాక మర్రిచెట్ల వైపు నడవండి. పెద్దలకు రాం రాం చెప్పి, అనుమతి అడిగి కూచోండి. ఫోన్ జేబులో పెట్టుకోండి. భాష రాకపోయినా పరవాలేదు. పాట మధ్యలో మాత్రం లేవకండి. లేచేటప్పుడు పాటగాడికి త్యాగం ఇచ్చి రండి.